ఆంప్ మీద దుప్పటి

జూన్ 9

అక్కా,

ఫోన్‌లో మొదలుపెడితే అరుచుకోవడమే తప్ప ఇద్దరిలో ఒక్కరి మాటా పూర్తికాదు. అందుకే నీ నంబరు బ్లాక్ చేసి కాగితం తీశాను. కాగితం మీద నువ్వు మధ్యలో అడ్డురాలేవు.

శనివారం నువ్వు చేసిన పనికి ఇంకా తల కొట్టేసినట్టుంది. ఆఖరి పాట, రెండో చరణం, హోటల్ హాలు నిండా జనం. నేను కళ్ళు మూసుకుని పైస్వరానికి వెళ్తున్నాను. తెరిచి చూస్తే నా ఎడమపక్క కుర్చీ ఖాళీ. గిటారు చంకన పెట్టుకుని, సూప్ తాగుతున్నవాళ్ళ కుర్చీలకి తగులుకుంటూ, నువ్వు గుమ్మం వైపు పోతున్నావు. డ్రమ్ములాయన కర్రలు గాల్లోనే ఆపేశాడు. ఆ కంగారులో నా గొంతు చిట్లిపోయింది. ఇన్నేళ్ళలో స్టేజి మీద నా గొంతు చిట్లడం అదే మొదలు. అంతా నీ చలవే.

కారణం ఏమిటని మీ మరిదిని అడిగితే, "వదినకి ఆంప్ సౌండ్ నచ్చినట్టు లేదు" అన్నాడు. సౌండ్ నచ్చలేదట! ఆయన మిక్సర్ దగ్గర అందరి సౌండూ చూసుకుంటూనే ఉన్నాడు కదా, నీదొక్కటే ప్రత్యేకమా? రోజూ హాలు తుడవకముందే వచ్చి, గిటారు మోగే ఆ ఆంప్ పెట్టె ముందు గొంతుకూర్చుని, మీటలు వెంట్రుకంత అటు, వెంట్రుకంత ఇటు తిప్పుకుంటావు. వెయిటర్లు నిన్ను "రేడియో మెకానిక్" అంటారు, తెలుసా? అంత తిప్పీ తిప్పీ చివరికి తెప్పించేది సూదితో పొడిచినట్టుండే మోత. ముందు బల్ల దగ్గర ఒకావిడ ఒక చెవి మూసుకుని తినడం నా కళ్ళతో చూశాను.

ఇంకొకటి. నేను పైస్వరం అందుకునే చోటికల్లా నీ గిటారు నాకంటే ముందే వెళ్ళి కూర్చుంటోంది. చిన్నప్పుడు అద్దం ముందు నించి నన్ను మోచేత్తో నెట్టేదానివి చూడు, అచ్చం అలాగ. నాకు తెలీదనుకోకు.

నీ ఆంప్ ఇక్కడే ఉంది. స్టేజి ఎక్కేటప్పుడల్లా నా కాలికి తగులుతోంది.

చెల్లి
(పుట్టుకతో వచ్చిన వరస కాబట్టి)


జూన్ 14

మహాగాయనికి,

నీ ఉత్తరం మా ఇల్లుగలావిడ చేతికి వచ్చింది. "ఈ రోజుల్లో ఉత్తరమేమిటమ్మా, ఎవరైనా పోయారా?" అంటూ ఏడుపుమొహంతో మెట్లెక్కి వచ్చింది. పోయింది మా చెల్లెలి సిగ్గు అని చెప్పి తీసుకున్నాను.

నేను లేచి వెళ్ళడం మాత్రమే చూశావు. దానికి ముందు జరిగింది విను. ఆఖరి పాటకి ముందు ఎవరో కంపెనీ పెద్దమనిషి మైకు పట్టుకుని వదలకపోతే నేను మంచినీళ్ళకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లైట్లు తగ్గించేశారు, డ్రమ్ములాయన పాట మొదలుపెట్టేశాడు. తీగ మీద చెయ్యి వేశాక తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే నా ఆంప్ మీద దుప్పటి! గదుల్లో మంచాల మీద వేసే బూడిదరంగు దుప్పటి, దళసరిగా మడతలు పెట్టి మరీ కప్పారు. పైగా పెట్టెని గోడవైపుకి తిప్పారు, బడిలో అల్లరి చేసిన పిల్లని నిలబెట్టినట్టు. ఇది నీ పని కాదని చెప్పకు. నిన్నడక్కుండా మీ ఆయన ఫ్యాన్ స్విచ్ కూడా వెయ్యడు.

మోత, మోత అని రాశావు. దాన్ని టోన్ అంటారు. నీకు గొంతు ఎలాగో నాకది అలాగ. నీ నోటికి తువ్వాలు చుట్టి పాడమంటే పాడతావా? మాటలన్నీ ఉన్నాయి కదా, స్వరాలన్నీ సరిపోయాయి కదా, ఇంకేం కావాలి అంటే ఊరుకుంటావా? ఖాళీ హాల్లో పలికినట్టు నిండు హాల్లో గిటారు పలకదు. అంతమంది ఒళ్ళూ బట్టలూ నాదాన్ని పీల్చేస్తాయి. ఆ లెక్క చూసుకోవడానికే ముందొచ్చి కూర్చుంటాను. రేడియో మెకానిక్ అంటే నాకేం చిన్నతనం లేదు. వాళ్ళు ఏదో ఒకటి బాగుచేస్తారు.

ఆ సూదిపోటు సంగతి మాత్రం నన్నడక్కు. అది నా సరదా కోసం పెట్టుకున్నది కాదు. మీ ఆయన్నే అడుగు.

ఇంటికి తిరిగొచ్చాక నా దగ్గరికి కొత్తగా ఇద్దరు పిల్లలు గిటారు నేర్చుకోవడానికి వస్తున్నారు. వేళ్ళు నొప్పెడుతున్నాయని ఏడుస్తారు గానీ వాయిస్తున్నప్పుడు గిటారు మీద దుప్పటి మాత్రం కప్పడం లేదు.

అక్క


జూన్ 18

అక్కా,

అడగమన్నావు, అడిగాను. మీ మరిది మిక్సర్ మీద దుమ్ము తుడుస్తూ, "వదినకి చెవులు కొంచెం మందగించాయేమో, అందుకే పదును పెంచే ఆ ట్రెబుల్ మీట అంత తిప్పుకుంటున్నారు" అన్నాడు. ఆ మాట వినగానే నీ మీద కోపం కాస్త జాలిగా మారింది. నీకది వినపడ్డం లేదు కాబట్టి ఇంకా ఇంకా పెంచుతున్నావు, మా చెవులు చిల్లులు పడుతున్నాయి. ఎవరైనా డాక్టరుకి చూపించుకో. సిగ్గుపడాల్సిందేం లేదు, వయసు.

దుప్పటి నేను కప్పమనలేదు. నువ్వు రాసేదాకా నాకు తెలీదు. కప్పినవాడు మంచి పనే చేశాడు.

నీ జాగాలో ఒకాయన వాయిస్తున్నాడు. ఎదురుగా ఉన్న స్కూల్లో లెక్కల మేష్టారు. నువ్వు వెళ్ళిన మర్నాడు భోజనానికొచ్చి, ఖాళీ కుర్చీ చూసి, "నాకు కొంచెం వచ్చు" అన్నాడు. ముందే మాట్లాడి పెట్టుకున్నామని అనుకుంటావు, నీ బుద్ధి నాకు తెలుసు. అనుకో. ఆయనకి ఆంప్ లేదు, కాలితో నొక్కే పెడల్ లేదు. గిటారు వైరు తిన్నగా మిక్సర్‌లో గుచ్చుకుని కూర్చుంటాడు. వచ్చేముందు మీటలు తిప్పడం లేదు, వెళ్ళేముందు అలగడం లేదు. జనం ఎప్పటిలాగే చప్పట్లు కొడుతున్నారు. గిటారు మారిందని ఒక్కరంటే ఒక్కరు గమనించలేదక్కా. నాలుగు బల్లల అవతల కూర్చున్నవాడికి పాట తెలుస్తుంది, టోన్ తెలీదు. ఇన్నాళ్ళూ నువ్వు పడ్డ పాటంతా నువ్వు ఒక్కదానివే విన్నావు.

ఆఖరి పాట మాత్రం ఇప్పుడు పాడ్డం లేదు. భోజనాలు తొందరగా ముగియాలని మేనేజరు అన్నాడట, మీ మరిది ఆ పాట తీసేశాడు. మిగతావన్నీ చక్కగా నడుస్తున్నాయి.

ఈ హోటల్లో మా గది లాండ్రీ పైన. రోజంతా గంజి వాసన, ఇస్త్రీ ఆవిరి. కీబోర్డు ఆయనకి దవడ వాచింది. నువ్వు లేకపోవడం ఒక్కటే హాయిగా ఉంది.

చెల్లి


జూన్ 25

చెల్లికి,

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ కోసం కాదు, నీ నోరు మూయించడానికి. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి బుట్టల్లాంటి హెడ్‌ఫోన్లు తగిలించి, దోమ రొదలాంటివన్నీ వినిపించాడు. వినపడినప్పుడల్లా చెయ్యెత్తాను. బయటికొచ్చాక ఆయన, "మీ వయసుకి ఇంత మంచి చెవులు నేను చూళ్ళేదు. మందగించాయని ఎవరన్నారు మీకు?" అన్నాడు. మా మరిది అన్నాను. "ఆయన చెవుల డాక్టరా?" అని అడిగాడు. కాదండీ, పిరికివాడు అన్నాను.

ఇంక దాచి లాభం లేదు. నేను నోరు విప్పకుండా ఉంటే నన్ను చెవిటిదాన్ని చేస్తున్నారు.

పోయిన ఏడాది వేసవిలో మీ ఆయన నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "వదినా, తన గొంతు పైన నిలబడ్డం లేదు. చిట్లుతోంది. తనకి తెలీడం లేదు. చెబితే పాడ్డమే మానేస్తుంది. మీరే ఏదో ఒకటి చెయ్యండి" అన్నాడు. నేను అప్పటికే విన్నాను. నీ పక్కన కూర్చునేదాన్ని, నాకు వినపడదా? ఆ స్వరం దగ్గరికి నువ్వు రాగానే అదే స్వరాన్ని నీ మీద వేసి వాయించడం మొదలుపెట్టాను. గట్టిగా, సన్నగా, మొన తేలేట్టు. అలా అయితేనే నీ గొంతులో చీలిక అందులో కలిసిపోతుంది. పాట మధ్యలో వంగి మీటలు తిప్పలేను కదా, అందుకని సాయంత్రం మొదటి నుంచీ అలాగే పెట్టుకునేదాన్ని. ముందు బల్ల ఆవిడ చెవి మూసుకోవడం నేనూ చూశాను. ఆ మోత నాకు మాత్రం ఇష్టమనుకున్నావా? నా చేతులారా నా టోన్‌ని పాడుచేసుకున్నాను.

దుప్పటి నువ్వు కప్పమనకపోతే ఇక మిగిలింది మీ ఆయనే; గిటారు చెవులు కోస్తోందని హోటల్ వాళ్ళు నిలదీసి ఉంటారు, ఆయన నీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. దుప్పటి తెచ్చి కప్పాడు.

నేను దిగిపోయాక నీ గొంతు చిట్లలేదు. చిట్లాక నేను దిగిపోయాను. అదీ వరస. ఆ పైస్వరం దగ్గర నా గిటారు దుప్పటి కింద మూలిగింది. నీ గొంతు ఒంటరిగా వెళ్ళి, హాలంతటికీ వినపడేట్టు చీలింది. తింటున్నవాళ్ళు తలెత్తి చూశారు. నువ్వు కళ్ళు మూసుకునే ఉన్నావు. కప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అక్కడ కూర్చోలేకపోయాను.

ఆఖరి పాట తీసెయ్యమని ఏ మేనేజరూ అని ఉండడు. వెళ్ళి అడుగు. ఇక నేను నీతో పోటీ పడుతున్నానంటావా, నీతో పోటీ పడాలంటే నాకు అంతకంటే తేలిక దారులున్నాయి. ఊరికే నోరు మూసుకుని, సరిగ్గా వాయిస్తే సరిపోయేది.

అక్క


జూలై 1

ఎలా పిలవాలో తోచడం లేదు, ఏ పిలుపూ రాయడం లేదు.

మేనేజర్ని అడిగాను. "పాటలు తగ్గించమని నేనెందుకంటానమ్మా?" అని వింతగా చూశాడు. మీ మరిదిని అడిగాను. వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన చుట్టిన వైరే విప్పి మళ్ళీ చుడుతున్నాడంటే నువ్వు రాసినవన్నీ నిజమేనన్నమాట.

మధ్యాహ్నం హాలు మూసేసి, కుర్చీలు బల్లల మీదికెక్కించాక ఒక్కదాన్నే వెళ్ళాను. ఫోన్‌లో రికార్డు పెట్టుకుని ఆ పాట పాడాను. మళ్ళీ పాడాను. పాడిన ప్రతిసారీ అదే చోట, కొత్త గుడ్డ చింపినట్టు. నాకెందుకు తెలియలేదంటావా? పాడేవాళ్ళకి తమ గొంతు లోపలినుంచి వినపడుతుంది. లోపల ఇప్పటికీ బాగానే ఉంది.

ఇది నా గొంతు. నా ఒంట్లో ఉన్నది. అది పోతోందని మీ మరిదికి తెలుసు, నీకు తెలుసు. డ్రమ్ములాయనకి కూడా తెలుసట, నిన్న మొహం తిప్పుకుంటూ ఒప్పుకున్నాడు. నాకొక్కదానికే తెలీదు. జబ్బుమనిషి ముందు డాక్టరు మాటలు దాచినట్టు మీరంతా నా చుట్టూ గుసగుసలాడుకున్నారు. చప్పట్లు కొట్టినప్పుడు నేను వంగి దండం పెట్టేదాన్ని కదా, అవి ఎవరికి కొట్టారు? నాకా, నీ మీటలకా? ఇప్పుడెలా తేల్చుకోను?

నువ్వు నాతో పోటీ పడుతున్నావని అనుకున్నప్పుడే నయం. అప్పుడు కనీసం నేను పాడుతున్నానని నమ్మాను.

మేలు చేశానని మురిసిపోకు. మొహం మీద ఒక్క మాట చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, శ్రుతి దించుకుని పాడేదాన్ని. ఆ పని నిన్న చేశాను. కింది శ్రుతిలో చిట్లడం లేదు. ఇంత చిన్న పనికి ఒక ఏడాది తినేశారు మీరిద్దరూ.

మీ మరిది స్పీకరు పెట్టెల పక్కన పడుకుంటున్నాడు.

ఇంక ఉత్తరాలు రాయకు.


జూలై 5

చెల్లికి,

రాయొద్దన్నావు. నా సామాను నీ దగ్గరుంది కాబట్టి రాయక తప్పదు.

చెప్పి ఉంటే అసూయ అనేదానివి. చెప్పలేదు కాబట్టి మోసం అంటున్నావు. నీ కోసం నా పేరు చెడగొట్టుకుంటే ఆ మాట మాత్రం నీకు కనపడ్డం లేదు. హాల్లో గిటారు బాగాలేదని అన్నప్పుడల్లా తిట్లు ఎవరు తిన్నారు? నేను క్షమాపణ చెబుతానని ఎదురుచూస్తుంటే ఆ పని మానుకో.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి వచ్చి ఆంప్ తీసుకెళ్తాను. అక్కడే పెట్టి వాయించి చూసుకుంటాను, మీ ఆయన దాన్నేం చేశాడో ఏమిటో. ఆ టైముకి నువ్వు నీ గదిలో ఉంటే ఇద్దరికీ మంచిది.

అక్క


జూలై 14

అక్కా,

నువ్వొచ్చే టైముకి నేను కావాలనే స్టేజి మీద ఉన్నాను. నీ మొహం మీద అనాల్సిన మాటలు ఉదయం నుంచీ వరసపెట్టుకున్నాను. నువ్వు వచ్చావు, నావైపు చూళ్ళేదు. కూల్‌డ్రింకుల డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నావు, వైరు గుచ్చావు, ఏవో నాలుగు తీగలు మీటి చూసుకున్నావు. పెట్టె బాగానే ఉంది. ఇంక లేస్తావనుకుని నోరు తెరవబోయాను.

నువ్వు ఆఖరి పాట మొదలుపెట్టావు.

పాత శ్రుతిలో. నన్ను రెచ్చగొట్టడానికో, అలవాటుగా చెయ్యి అటు పోయిందో నీకే తెలియాలి. నాకు ఒళ్ళు మండింది. మైకు దగ్గరికెళ్ళి కింది శ్రుతిలో అందుకున్నాను. కాసేపు ఇద్దరం కొట్టుకున్నాం, ఎప్పటిలాగే. నేను పైకి రాలేదు. అప్పుడు నువ్వు కిందికి వచ్చావు. వచ్చి, నా గొంతు ఒక వరస పాడేదాకా విని, ఆ ట్రెబుల్ మీట నీ అంతట నువ్వే తగ్గించావు. ఇంకేదో కూడా తిప్పావు. తీగలు మీటే పిక్ పళ్ళ మధ్య పెట్టుకుని బొటనవేలితో వాయించావు.

అక్కా, అది నా మీద పడలేదు. నా ముందుకి రాలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంది. రెండో చరణంలో నా గొంతు నిలబడింది. నా అంతట నేను నిలబెట్టుకున్నాను, నువ్వు చూశావు. బల్లలు సర్దుతున్న వెయిటరు చేతిలో చెంచాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీకు రేడియో మెకానిక్ అని పేరు పెట్టింది అతనే.

పాట అవగానే వైరు పీకి, పెట్టె ఎత్తుకుని, వస్తానని ఒక్క మాటైనా అనకుండా పోయావు. నా మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. అవి రాద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఏవీ గుర్తురావడం లేదు. దానికి కూడా నీ మీద కోపంగా ఉంది.

ఆ సాయంత్రమే మేష్టారితో అదే పాట, అదే కింది శ్రుతిలో పాడాను. బురద. ఆయన గిటారు, నా గొంతు ఒకే చోట కూర్చుని ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. మాటలు కూడా తెలియలేదు. పాట మధ్యలో ఇద్దరు లేచి వెళ్ళి ఐస్‌క్రీమ్ తెచ్చుకున్నారు.

నిన్ను రమ్మనడం లేదు. అంతమంది ముందు పాట మధ్యలో వదిలేసి పోయిన మనిషిని పక్కన పెట్టుకుని పాడ్డం నావల్ల కాదు. ఆ టోన్ మాత్రం కావాలి. మేష్టారికి ఒక చిన్న ఆంప్ ఇప్పించాం. ఏ మీట ఎంత తిప్పావో ఆయనకి అర్థమయ్యేట్టు రాసి పంపు.

చెల్లి


జూలై 19

చెల్లీ,

నాలుగు బల్లల అవతల ఎవరికీ తెలీదన్నావు. ఐస్‌క్రీముకి లేచినవాళ్ళు ఎన్నో బల్ల దగ్గర కూర్చున్నారు?

నీ ఉత్తరం చదివి ముందు చింపేద్దామనుకున్నాను. మనిషి వద్దట, టోన్ కావాలట. పెట్టెలోంచి తీసి కాగితంలో పొట్లం కట్టి పంపే సరుకనుకున్నావా? తర్వాత చూస్తే, మోత అనకుండా టోన్ అని రాశావు. అందుకని చింపలేదు. రాస్తున్నాను. నీ మీద కోపం తగ్గి కాదు. ఆ పాటని బురదలో వదిలెయ్యడం ఇష్టంలేక.

మీ లెక్కల మేష్టార్ని కూర్చోబెట్టి చదివి వినిపించు.

ట్రెబుల్ సగానికి కొంచెం కింద. కింది స్వరాలకి బరువిచ్చే బేస్ మీట దాదాపు మూసెయ్యాలి. దీనికి ఆయన ఒప్పుకోడు, మెత్తగా పలకాలంటే బేస్ పెంచాలి కదా అంటాడు. అక్కడే బురద అయింది. కింద చోటు ఇప్పుడు నీ గొంతుది, అక్కడ ఆయనకి పనిలేదు. మధ్య మీట మాత్రం సగం దాటించాలి. గిటారు మీద ఉండే చిన్న స్విచ్ మెడవైపుకి వెయ్యమను. పిక్ వద్దు. బొటనవేలి కండతో, గోరు తగలకుండా. ఇదంతా ఖాళీ హాల్లో ఒకసారి చూసుకుని, జనం నిండాక ట్రెబుల్ పిసరంత కలపాలి. ఎంత అంటే చెప్పలేను, వింటే తెలుస్తుంది. వినమను.

మీ ఆయన మిక్సర్ దగ్గర గిటారు మీట జోలికి పోకూడదు. ఆయన్ని మళ్ళీ గదిలోకి రానివ్వు. స్పీకర్ల పక్కన నేల మీద పడుకుంటే నడుం పట్టేస్తుంది, వంగి పనిచెయ్యాల్సిన మనిషి. పిరికివాడే గానీ నీ గొంతు పోతోందని నాతో చెప్పిన రోజు ఆయన ఏడ్చాడు. ఆ సంగతి ఆయన నీకు చెప్పి ఉండడు.

ఇంక అసలు కష్టమైన చోటు, రెండో చరణం. పైకి వెళ్ళేముందు నువ్వు ఊపిరి తీసుకోవడానికి ఆగుతావు. అక్కడ మేష్టారు ఆగకూడదు. తీగని మోగుతూ వదిలెయ్యాలి. నువ్వు మళ్ళీ అందుకోగానే అరచెయ్యి ఆనించి ఆపెయ్యాలి. ముందుగా ఆపితే నువ్వు ఒంటరివవుతావు. ఆలస్యంగా ఆపితే నిన్ను తొక్కేస్తాడు. సరిగ్గా ఎప్పుడో నాకెలా తెలుస్తుంది అంటాడు. న్యాయమైన మాటే. దానికి ఏ మీటా లేదు.

తీగల వైపు చూడటం మానేసి నీ కుడి భుజం చూడమను. పాట అందుకునే ముందు అది కొంచెం లేస్తుంది. నీకు తెలీదు. నువ్వు పాడ్డం మొదలుపెట్టిన నాటి నుంచీ నేను చూస్తున్నాను.

అక్క